పూనారై పక్షి, వంగరెడ్డి కూర పువ్వు: పులికాట్ ఒడ్డున తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి చలికాలం ఇంటికొచ్చిన చుట్టాలనీ మా వీధి పిల్లలనీ వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వెళ్లడం నాకు అలవాటు. శ్రీహరికోట రోడ్డు మీద బండి దిగగానే అందరి చూపూ దూరంగా పులికాట్ సరస్సు నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోల మీదికి పోతుంది. వాళ్లు కడుపారా చూశాక, ఒకసారి కాళ్ల దగ్గరికి చూడమంటాను. అక్కడ నల్ల బురద మీద పాకిన తీగ, దాని మీద చిటికెన వేలి గోరంత గులాబీ పువ్వు ఉంటాయి. "పక్షుల్ని చూద్దామని తీసుకొచ్చి గడ్డిని చూపిస్తావేంది?" అని మొదట అంటారు. కాసేపటికి ప్రశ్నలు మొదలవుతాయి. ఏటా దాదాపు అవే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

మీరు పోల్చే ఆ రెండూ ఏవి?

పక్షి పెద్ద ఫ్లెమింగో. శాస్త్రీయ నామం ఫినికాప్టెరస్ రోజియస్. మన పేపర్లలో రాజహంస అని రాస్తారు. ఆ పేరు తప్పని కొందరు వాదిస్తారు గానీ, అమరకోశం రాజహంసకు చెప్పిన గుర్తులు ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్లు, తెల్లని ఒళ్లు. దూరం నుంచి చూస్తే ఫ్లెమింగోకి ఆ మాట బాగానే సరిపోతుంది. సరస్సుకు అవతల తమిళం మాట్లాడేవాళ్లు దీన్ని పూనారై అంటారు, అంటే పూల కొంగ. నాకు ఆ పేరే ఎక్కువ ఇష్టం. పక్షి పేరులోనే పువ్వు ఉంది కాబట్టి, నేను పువ్వుతో పోల్చడం మరీ వింతేమీ కాదు.

మొక్క వంగరెడ్డి కూర. శాస్త్రీయ నామం సెసూవియం పోర్టులాకాస్ట్రం. మన తీరంలో ఉప్పు కొఠార్ల గట్ల మీద, పొర్ల పక్కన, సముద్రం ఒడ్డు ఇసుకలో నేలబారుగా అల్లుకుంటుంది. ఎర్రటి కాడలు, వేలితో నొక్కితే చిట్లిపోయే మందపాటి ఆకులు. ఊరిని బట్టి పేరు మారుతుంది, కొన్నిచోట్ల అసలు పేరే లేకుండా "ఉప్పు కూర" అని ఊరుకుంటారు.

పక్షి ఎక్కడ, మొక్క ఎక్కడ? వీటిని పోల్చడంలో అర్థం ఏముంది?

రెండూ ఒకే కష్టంలో బతుకుతున్నాయి. ఆ కష్టం ఉప్పు.

లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పులికాట్‌లో అది స్థిరంగా ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదులు నిండి వచ్చి కలిసినప్పుడు చాలాచోట్ల నీళ్లు చప్పబడతాయి. ఏప్రిల్, మే ఎండలకు అవే నీళ్లు ఆవిరై, కొన్ని చోట్ల సముద్రం కంటే చిక్కగా తయారవుతాయి. ఆరు నెలల్లో చప్పన నుంచి మహా ఉప్పన దాకా మారే చోట బతకడం ఎంత కష్టమో ఆలోచించండి. వరి అక్కడ బతకదు. మనం ఆ నీళ్లు తాగి బతకలేం, ఎందుకంటే మన మూత్రపిండాలు అంత ఉప్పును అంత చిక్కగా బయటికి తోయలేవు. పక్షి తన దారిలో, మొక్క తన దారిలో ఈ చిక్కును విప్పుకున్నాయి. ఆ దారులు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ రెండింటి గొప్పతనమూ తెలియదని నా నమ్మకం.

పక్షి ఒంట్లోకి వెళ్లిన ఉప్పు ఏమవుతుంది?

ఫ్లెమింగో కళ్ల పైభాగంలో రెండు ఉప్పు గ్రంథులు ఉంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పును అవి వడకట్టి, చిక్కటి ఉప్పు నీరుగా ముక్కు రంధ్రాల్లోకి పంపుతాయి. ఆ నీరు ముక్కు కొస నుంచి చుక్కలుగా కారిపోతుంది. దానికితోడు దగ్గర్లో మంచినీళ్లు దొరికితే అక్కడికి ఎగిరి వెళ్లి తాగుతుంది. రెక్కలు ఉన్నాయి కాబట్టి దానికి ఆ వీలు ఉంది.

మరి మొక్క?

మొక్క ఎక్కడికీ పోలేదు. అందుకే నాకు దీని కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. వేళ్లు పీల్చిన ఉప్పును ఇది బయటికి కక్కదు, ఆకుల్లోనే దాచుకుంటుంది. ఆకులోని ప్రతి కణంలో నీటి సంచి లాంటి గది ఒకటి ఉంటుంది. ఉప్పునంతా ఆ గదిలోకి తోసేసి, కణం పని నడిచే మిగతా భాగానికి అంటకుండా చూసుకుంటుంది. గదిలో ఉప్పు ఉంటే బయట ఉన్న నీరంతా ఆ గదిలోకే లాగేసుకుంటుంది కదా, అలా కాకుండా ప్రోలిన్ లాంటి పదార్థాలను బయటి భాగంలో తయారు చేసుకుని రెండు వైపులా బరువు సరిచేస్తుంది. ఉప్పు చేరేకొద్దీ నీరు కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి ఆకు ఉబ్బుతుంది. మనం నొక్కి చూసే ఆ మందం అదే. ముదిరిన ఆకు రాలినప్పుడు దానితో పాటు కొంత ఉప్పు కూడా ఒంట్లోంచి పోతుంది.

ఇంకో విశేషం. ఉప్పును ఇది కేవలం ఓర్చుకోవడం కాదు. కొంత ఉప్పు ఉన్న నేలలో, అసలు ఉప్పు లేని నేలలో కంటే బాగా పెరుగుతుంది.

రెండూ గులాబీ రంగే కదా. ఒకే రంగు పదార్థమా?

అందరూ అడిగేది ఇదే. నాకూ దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. కాదు, అస్సలు ఒకటి కాదు.

ఫ్లెమింగో రంగు కెరోటినాయిడ్ల నుంచి వస్తుంది. క్యారెట్‌కి రంగునిచ్చే కుటుంబమే అది. పక్షి దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. నీళ్లలోని నాచు ఆ రంగును తయారు చేస్తుంది, నాచును సన్నటి రొయ్య పురుగులు తింటాయి, వాటినీ నాచునూ పక్షి తింటుంది. పక్షి శరీరం ఆ పదార్థాన్ని మార్చి ఈకల్లోకి పంపుతుంది. తిండి మారితే రంగు వెలుస్తుంది. జంతు ప్రదర్శనశాలల్లో రంగు పదార్థం కలపని మేత పెట్టినప్పుడు ఫ్లెమింగోలు తెల్లబడిపోయేవి, అందుకే ఇప్పుడు మేతలో దాన్ని విడిగా కలుపుతారు.

నెల్లూరు వాళ్లకి దీన్ని వంటింట్లోనే చూపించొచ్చు. పచ్చి రొయ్య బూడిద రంగులో ఉంటుంది. పొయ్యి మీద పెట్టగానే ఎర్రబడుతుంది. పచ్చి రొయ్యలో ఆస్టాజాంతిన్ అనే కెరోటినాయిడ్ ఒక ప్రోటీన్‌కి అతుక్కుని దాక్కుని ఉంటుంది, వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే అసలు రంగు బయటపడుతుంది. ఫ్లెమింగో ఈకల్లో ఉండేవి అదే పదార్థమూ, దాని దగ్గరి చుట్టాలూ. రొయ్యల ఇగురు మీద తేలే నూనె ఎర్రగా ఎందుకుంటుందంటే కారం ఒక్కటే కారణం కాదు, కెరోటినాయిడ్లు నూనెలో కరుగుతాయి. మిరపకాయ ఎరుపు కూడా కెరోటినాయిడే.

వంగరెడ్డి కూర పువ్వు రంగు బీటాలైన్ల నుంచి వస్తుంది. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, కాగితపు పూలు, చంద్రకాంత పూలు అన్నీ ఈ వర్గమే. ఇది నీళ్లలో కరిగే రంగు. బీట్‌రూట్ తరిగితే చేతులు ఎర్రబడి, కడిగితే పోతాయి చూడండి. ఈ రంగును మొక్క ఎవరి దగ్గరా తెచ్చుకోదు, తనలోనే తయారు చేసుకుంటుంది. గులాబీ పువ్వు, మందార పువ్వు రంగు మళ్లీ వేరు, దాన్ని ఆంథోసయనిన్ అంటారు. ఆంథోసయనిన్ ఉన్న మొక్కలో బీటాలైన్ ఉండదు, ఇది ఉంటే అది ఉండదు.

అంటే ఒకే గట్టు మీద నిలబడి మనం చూసే రెండు గులాబీ రంగుల్లో ఒకటి నూనెలో కరిగేది, తిండితో వచ్చేది. రెండోది నీళ్లలో కరిగేది, సొంతంగా పుట్టేది. కంటికి మాత్రం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

ఫ్లెమింగో పిల్లలు కూడా గులాబీగానే పుడతాయా?

లేదు. తెల్లటి, బూడిద రంగు నూగుతో పుడతాయి. నిండు రంగు రావడానికి కొన్ని ఏళ్లు పడుతుంది. మన దగ్గర మందలో బూడిద రంగు పక్షులు కనిపిస్తే అవి వేరే జాతి అనుకోకండి, అవి ఇంకా చిన్నవి.

తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో ఊరే పాలలాంటి ద్రవాన్ని పిల్లకి పడతారు. అది ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే పెద్దవాటి ఒంట్లోని రంగు పదార్థం అందులోకి దిగుతుంది. పిల్లల్ని సాకే రోజుల్లో పెద్ద పక్షుల రంగు పాలిపోతుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

ఆ గూళ్లను మాత్రం పులికాట్‌లో వెతకొద్దు. మన దేశంలో ఇవి గుంపులుగా గూళ్లు కట్టే ప్రసిద్ధమైన చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. బురదను ముక్కుతో పోగుచేసి చిన్న దిబ్బ కట్టి, దాని మీద మామూలుగా ఒకే గుడ్డు పెడతాయి. మన దగ్గరికి వచ్చేది మేత కోసం.

పువ్వు రేకులు ఎన్ని?

అయిదు కనిపిస్తాయి, కానీ అవి అసలు రేకులు కావు. ఈ పువ్వుకి వేరే ఆకర్షణ పత్రాలు లేవు. బయటి వైపు పచ్చగా, లోపలి వైపు గులాబీగా ఉండే ఒకే వరస మాత్రమే ఉంది. అందుకే ముడుచుకుంటే ఆకుల్లో కలిసిపోయి, పువ్వు ఉందనే తెలియదు.

ఇది మనం పప్పులో వేసే గంగపాయల కూరేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది. శాస్త్రవేత్తలూ మొదట అలాగే అనుకున్నారు. 1753లో లిన్నేయస్ దీన్ని గంగపాయల కూర ప్రజాతిలోనే చేర్చి, 1759లో విడదీసి సెసూవియం కింద పెట్టాడు. పేరులోని రెండో మాటకి ఇప్పటికీ "పాయల కూర లాంటిది" అనే అర్థం. తేడా సులువు: గంగపాయల కూర పువ్వు పసుపు, ఆకు చెంచా ఆకారం. దీని పువ్వు గులాబీ, ఆకు కాస్త పొడుగు.

పులికాట్ ఒడ్డున దీని పక్కనే ఇలకూర కూడా పెరుగుతుంది. దాని ఆకులు సన్నగా, సూదుల్లా ఉంటాయి. ఉప్పు పెరిగి ఎండ ముదిరితే ఆ మొక్క మొత్తం ఎర్రబారి, దూరం నుంచి నేలంతా కుంకుమ చల్లినట్టు కనిపిస్తుంది. చాలామంది ఫొటోలు తీసుకునేది దాన్నే. ఆ ఎరుపు కూడా బీటాలైనే.

తినొచ్చా?

తింటారు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో లేత కొసలు గిల్లి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి పప్పులో వేసేవాళ్లు. ఆ పప్పులో ఉప్పు వేయరు. నేను చిన్నప్పుడు మరిచిపోయి ఉప్పు వేసి తిట్లు తిన్నాను, ఆ రోజు ఆ కుండ ఎవరూ ముట్టలేదు. బీపీ ఉన్నవాళ్లు, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. రక్షిత ప్రాంతంలో కోయడం తప్పు. రొయ్యల గుంటల మురుగు నీళ్లు పారే చోట పెరిగింది అసలు కోయకండి, నేలలో ఏముంటే ఆకులో అదే చేరే మొక్క ఇది.

ఈ రెండూ ఒకదానికొకటి ఏమైనా సాయం చేసుకుంటాయా?

చేసుకుంటాయని చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, నేరుగా ఒకదాని మీద ఒకటి ఆధారపడి లేవు. ఫ్లెమింగో మోకాలి లోతు నీళ్లలో మేస్తుంది. మొక్క ఒడ్డున ఉంటుంది. ఫ్లెమింగో కాళ్లతో గుండ్రంగా తొక్కుతూ బురద లేపి, తల కిందులు చేసి, ముక్కు లోపలి అంచున దువ్వెన పళ్లలా ఉండే పొరలతో తిండిని వడకట్టుకుంటుంది. మొక్క కణుపు కణుపుకీ వేళ్లు దించి, ఒడ్డు మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది. ఒకటి బురదను కదిలిస్తుంది, ఒకటి ఆపుతుంది. రెండూ కోరుకునేది మాత్రం ఒక్కటే, సముద్రపు పోటు నీరు సరస్సులోకి వచ్చి పోతూ ఉండాలి. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఆ రాకపోకలు తగ్గుతాయి. చేపలు తగ్గుతాయి, మత్స్యకారుల ఇళ్లలో పూట గడవడం కష్టమవుతుంది, పక్షులకు మేత తగ్గుతుంది, ఎండిన నేల మీదికి సీమతుమ్మ ఎక్కివస్తుంది.

పక్షికీ మొక్కకీ ఎక్కడో బంధుత్వం ఉంటుందా?

ఉంది, కానీ ఆ ఉమ్మడి పూర్వీకుడు వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక ఉన్నాడు, ఒకే కణం ఉన్న జీవి. ఫ్లెమింగోకి నిజంగా దగ్గరి చుట్టం ఎవరో చెబితే నమ్మరు. కొంగ కాదు, బాతు కాదు. చెరువుల్లో మునిగి తేలే చిన్న బుడబుంగ. డీఎన్ఏ పరీక్షల్లో తేలిన విషయం ఇది.

ఏది ఎక్కువ కాలం బతుకుతుంది?

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జంతు ప్రదర్శనశాలలో ఒక పెద్ద ఫ్లెమింగో 2014లో చనిపోయేనాటికి దాని వయసు కనీసం 83 ఏళ్లు. అడవిలో అంత ఉండదు. మొక్కకు వయసు లెక్క కట్టడమే కుదరదు. ఒక కొమ్మ విరిగి పక్కన పడి వేళ్లు దించితే అది కొత్త మొక్కా, పాత మొక్కా?

రొయ్యల గుంటల వల్ల వీటికి నష్టమేనా?

మా బంధువుల్లో సగం మందికి రొయ్యలే జీవనం. వాళ్లను దోషులుగా నిలబెట్టాలని నాకు లేదు. కానీ 1990ల మొదట్లో మన తీరంలో గుంటలు ఎంత వేగంగా తవ్వారో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పులో చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల గుంటలు తవ్వకూడదని స్పష్టంగా చెప్పింది. నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా అందులో ఉంది.

గుంట వదిలేసిన నేల ఉప్పు తేలి, వరికి పనికిరాకుండా పోతుంది. ఇక్కడే ఈ చిన్న మొక్క విలువ తెలుస్తుంది. తమిళనాడులో ఉప్పు నేలల్లో ఇలాంటి మొక్కలను పెంచి చూసిన ఒక పరిశోధన 2007లో వెలువడింది. ఇలకూర, వంగరెడ్డి కూర రెండూ నేలలోని ఉప్పును బాగా లాగేశాయి. ఆకుల్లోకి చేరిన ఉప్పును మొక్కతో పాటు కోసి తీసేస్తే నేల తేలికపడుతుంది. పక్షి కోసం సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ చేసే మనం, పొలాన్ని బాగుచేయగల మొక్కని చెప్పుల కింద తొక్కుతున్నాం. ఈ ఒక్క విషయంలో నాకు బాధగా ఉంటుంది. ఆ పండగ రోజుల్లో కార్లన్నీ గట్టు దిగి నేరుగా ఈ తీగల మీద ఆగుతాయి. రెండడుగులు వెనక ఆపితే చాలు.

పులికాట్ ఇప్పుడు నెల్లూరు జిల్లాలో లేదు కదా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు అంతా నెల్లూరే. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. పాత పేరు ప్రళయ కావేరి. నెల్లూరు జిల్లా దాటకుండా మొక్కను చూడాలంటే అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల వైపు, లేదా కృష్ణపట్నం దగ్గర పొర్ల గట్ల మీద వెతకండి. ప్రకాశం వాళ్లకి కనుపర్తి ఉప్పు కొఠార్లు దగ్గర.

గూడబాతుని (పెలికాన్‌ని) ఎందుకు పోల్చలేదు?

గూడబాతు నేలపట్టు పక్షి. అక్కడ చెరువులోని నీటి కడప చెట్ల మీద గూళ్లు కడుతుంది. గూడబాతునీ నీటి కడపనీ కలిపి చెప్పుకోవాల్సిన కథ వేరే ఉంది.

రెండూ ఒకే రోజు కనిపించాలంటే ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు. పక్షులను తెల్లవారాక మొదటి రెండు గంటల్లో చూడండి, ఎండ ఎక్కితే నీళ్ల మీద ఆవిరి కదిలి బైనాక్యులర్‌లో కూడా మసకగా కనిపిస్తాయి. పువ్వుకి సరిగ్గా తిరగేసి. పొద్దున్నే వెళితే ముడుచుకుని ఉంటుంది, ఎండ తగిలాక విచ్చుకుని కొన్ని గంటలే ఉంటుంది. కాబట్టి ముందు పక్షి, తర్వాత టిఫిన్, తర్వాత పువ్వు. మేం శ్రీహరికోట రోడ్డు మీదే ఉన్న అటకానితిప్ప దాకా వెళ్లి, గట్టు మీదే ఇడ్లీ పొట్లాలు విప్పుతాం. పొట్లాల కాగితాలు, నీళ్ల సీసాలు మళ్లీ సంచిలోనే ఇంటికి తెచ్చుకుంటాం. పక్షులు దగ్గరగా రావాలని చప్పట్లు కొట్టడం, డ్రోన్ ఎగరేయడం చేయకండి. లేచిన ప్రతిసారీ వాటికి మేత సమయం పోతుంది, వేల కిలోమీటర్లు ఎగిరే పక్షికి ఆ బలం చాలా అవసరం.

మొక్కని ఇంట్లో పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు. పక్షుల కేంద్రం హద్దుల్లోంచి కాకుండా, బయట సముద్రపు ఒడ్డున ఎక్కడైనా దొరికిన తీగ నుంచి జానెడు కొమ్మ చాలు. రెండు కణుపులు మట్టిలోకి పోయేలా ఇసుక కలిపిన కుండీలో నాటండి. నీళ్లు నిలవకూడదు, ఎండ బాగా తగలాలి. వారంలో పట్టేస్తుంది. మా డాబా మీద పాత ప్లాస్టిక్ టబ్బులో ఒకటి మూడేళ్లుగా ఉంది, అంచులు దాటి కిందికి వేలాడుతోంది. పూలు పూస్తోంది. మున్సిపాలిటీ నీళ్లే పోస్తాను. ఆకులు మాత్రం పులికాట్‌లో ఉన్నంత మందంగా లేవు. మొన్న ఒకటి గిల్లి నమిలి చూశాను, ఉప్పదనం బాగా తగ్గిపోయింది.